ఊరు పోయినా పేరు ఉంది: కిల్డోనన్ కథ



మమ్మల్ని ఊరి పేర్ల గురించి మాట్లాడమన్నారు. మన గూడేల పేర్ల సంగతి మాకంటే ఇక్కడున్న పెద్దలకే బాగా తెలుసు. అందుకని మేము ఒక దూరపు ఊరి కథ తెచ్చాం.

స్కాట్లాండ్ ఉత్తరాన సదర్లాండ్‌లో కిల్డోనన్ అనే పారిష్ ఉంది. పారిష్ అంటే ఒక చర్చి కిందికి వచ్చే పల్లెలన్నీ. అక్కడివాళ్ల గేలిక్ భాషలో 'కిల్' అంటే చర్చి. డోనన్ అనే సాధువును 617లో ఎగ్ అనే దీవిలో చంపేశారు. ఆయన పేరు మీదే ఈ కిల్డోనన్. అదే లోయ చివర, సముద్రం ఒడ్డున హెల్మ్స్‌డేల్ అనే ఊరు ఉంది. ఆ పేరు ఓడల మీద వచ్చిన నార్స్ జనం పెట్టింది. 'డేల్' అంటే లోయ. ఆ ఏటినే గేలిక్ వాళ్లు ఇలీ అన్నారు. పేర్లు చదివితే చాలు, ఆ లోయలో ఎవరెవరు బతికారో తెలుస్తుంది. మన దగ్గర 'వలస' అని ముగిసే ఊరి పేరు వినగానే, ఆ జనం ఎక్కడి నుంచో వచ్చి స్థిరపడ్డారని తెలియదూ? అలాగే.

1811లో ఆ పారిష్ జనాభా 1,574. 1831 నాటికి 257. మిగతావాళ్లు ఏమయ్యారు? భూమంతా సదర్లాండ్ కౌంటెస్‌ది. పెద్ద గొర్రెల మందలకు కౌలుకిస్తే ఎక్కువ డబ్బు వస్తుందని 1813 నుంచి 1819 దాకా పల్లెలు ఖాళీ చేయించారు. 1813లో జనం ఎదురు తిరిగితే సైన్యం దిగింది. తరతరాలుగా దున్నుకున్న వాళ్ల చేతిలో కాగితం లేదు. తీరాన చిన్న చిన్న చెక్కలు చూపించి, చేపలు పట్టుకుని బతకమన్నారు. లోయలో పశువులు కాసుకున్నవాళ్లకు సముద్రం ఏం తెలుసు?

కొందరు ఆ ఏడే కెనడా ఓడ ఎక్కారు. ఓడలో జ్వరాలొచ్చి కొంతమంది చనిపోయారు. మిగిలినవాళ్లు చలికాలం హడ్సన్ బే ఒడ్డున గడిపి, మంచులో నడిచి, 1814లో రెడ్ రివర్ చేరారు. అక్కడ కట్టుకున్న ఊరికి మళ్లీ కిల్డోనన్ అనే పేరే వచ్చింది. ఇప్పుడది విన్నిపెగ్ నగరంలో భాగం.

కథ ఇక్కడితో ఆపితే సగమే చెప్పినట్టు. ఆ నేల ఖాళీ నేల కాదు. అక్కడ క్రీ, సోల్టో ఆదివాసులు ఉన్నారు. పెగ్విస్ అనే నాయకుడు కొత్తగా వచ్చినవాళ్లను ఆదుకున్నాడు. 1817లో ఒప్పందం రాశారు: భూమికి బదులు ఒక్కో తెగకు ఏటా వంద పౌన్ల పొగాకు! 1907లో ఆయన వారసులనే వాళ్ల నేల నుంచి కదిలించారు. భూమి పోగొట్టుకున్నవాళ్ల కోసమే ఇంకొకరి భూమి పోయింది. ఆదివాసులుగా మనం ఈ రెండో సగాన్ని మరిచిపోకూడదు.

ఇక మా సంగతి. ప్రాజెక్టు కింద ఊరు పోయి, కాలనీకి మారిన పిల్లలు మా హాస్టల్లో ఉన్నారు. అడ్మిషన్ రిజిస్టర్లో మేము కాలనీ పేరే రాసేవాళ్లం. ఒక పాప వచ్చి, "మేడమ్, అది మా ఊరు కాదు" అంది. ఆ తప్పు మాది. ఇప్పుడు రెండు పేర్లూ రాస్తున్నాం. పాత పేరుకు అర్థమేమిటో ఇంట్లో అవ్వను, తాతను అడిగి రమ్మని పిల్లలను పంపుతున్నాం.

పెద్దలకు మా మనవి ఒక్కటే. పిల్లలు అడిగినప్పుడు విసుక్కోకుండా చెప్పండి. వాగు పేరు, గుట్ట పేరు, పొలం పేరు, అన్నీ చెప్పండి. మేము రాసి పెడతాం.

సెలవు. జై ఆదివాసీ!