బడిలో మ్రోగు ఆఫ్రికా డోలు

అమెరికాలో ఫిబ్రవరి మాసము వచ్చినదనగా అనేక పాఠశాలలలో ఆఫ్రికా డోళ్లు మ్రోగును. ఆ మాసము నల్లజాతివారి చరిత్రకు అంకితమైనది. 1926లో కార్టర్ వుడ్‌సన్ అను చరిత్రకారుడు దీనిని ఒక్క వారముగా ఆరంభించినాడు; 1976 నుండి అది మాసమైనది. ఆయన తలిదండ్రులు బానిసత్వమును అనుభవించినవారు. తమ జాతి చరిత్రకు పాఠ్యపుస్తకములలో చోటు లేదని ఆయన బాధ.

మేము రేడియోలో పనిచేయువారము గనుక మా చెవి ముందుగా డోలు వైపునకే పోవును. ఆ బడులలో పిల్లలు తరచుగా వాయించునది జెంబే. అది పశ్చిమాఫ్రికాలోని మాందే ప్రజల వాద్యము. ఒకే దుంగను పానపాత్ర వలె తొలిచి, మేకతోలు బిగించి, వట్టి చేతులతో వాయింతురు. అరచేయి నడుమ పడినప్పటి గంభీరనాదము, అంచున వ్రేళ్లు చేర్చి కొట్టినప్పటి విడినాదము, వ్రేళ్లు విడదీసి చరచినప్పటి ఫెళఫెళ ధ్వని: ఈ మూడింటి మీదనే వాద్యమంతయు నడచును. అడుగు మార్పవలసిన తరుణమును డోలువాడు ఒక చిన్న దరువుతో నర్తకులకు తెలుపును. కూచిపూడి మృదంగపు ముక్తాయింపు ఎరిగిన మనకు ఇది కొత్త కాదు. కాస్సా అను లయ పొలము పనివారి కొరకు పుట్టినది. మన నాట్ల పాట వలె, వేదిక కొరకు కాక నడుము వంచినవారి కొరకు.

ఈ డోలు ఆ దేశపు బడిలో మ్రోగుటకు ఎంత కాలము పట్టినదో వినుడు. 1739లో దక్షిణ కరోలినాలో స్టోనో నది యొద్ద బానిసలు తిరుగబడి, డోళ్లు మ్రోగించుచు నడచినారు. మరుసటి ఏట వచ్చిన చట్టము వారికి డోళ్లను, కొమ్ములను నిషేధించినది. డోలు పోయినను లయ పోలేదు. అరచేతులు, తొడలు, మడమలు, దేహమే వాద్యమైనది. దానిని జూబా అందురు.

తరువాతి కథ ఒక విద్యాలయమునది. విముక్తులైన బానిసలకై 1866లో నాష్‌విల్ నగరమున వెలసిన ఫిస్క్ విద్యాలయము అప్పులలో మునిగినది. పాటలు పాడి ధనము తెత్తుమని 1871లో తొమ్మండుగురు విద్యార్థులు బయలుదేరిరి. బానిసకాలపు పాటలను పరుల యెదుట పాడుటకు వారికి మొదట మనసొప్పలేదు. అవి కన్నవారి కన్నీటిలో తడిసినవి. తుదకు ఆ పాటలే విద్యాలయమును నిలిపినవి. 1876 నాటి జూబిలీ హాలు ఆ ధనముతో లేచినదే.

ఇది యంతయు ఇప్పుడేల అందురేమో. ఒకప్పుడు ఒక పాఠశాల వార్షికోత్సవమునకు మమ్ము అతిథులుగా పిలిచినారు. పిల్లల ముఖములకు మసి పూసి, నడుములకు ఆకులు కట్టి, ఆఫ్రికా నృత్యమని ఆడించినారు. అరపులే కాని అందు లయ లేదు. మేమును చప్పట్లు కొట్టితిమి. పిల్లల దోషమేమియు లేదు. ఆఫ్రికా ఒక అడవి కాదనియు, 54 దేశములు గల ఖండమనియు వారికి ఎవరును చెప్పలేదు. ఆ పూట మైకు మా చేతిలోనే ఉండియు మేమును చెప్పలేదు.

హైదరాబాదులో ఏ.సి. గార్డ్సు అను పేట కలదు. అది నిజాము కొలువులోని ఆఫ్రికా అశ్వికదళము పేరు. ఆ సిద్దీల సంతతివారి మర్ఫా వాద్యము నేటికిని పెండ్లి ఊరేగింపులలో మ్రోగుచున్నది. దానికి అడుగు కలిపి ఆడువారిలో ఆ లయ ఎచ్చటిదని అడుగువారు అరుదు. అట్టి పిలుపు మరల వచ్చినచో, మసిడబ్బా మాని ఒక మర్ఫా బృందమును రప్పింపుడని ముందుగానే ఉత్తరము వ్రాయదలచితిమి.