పని చేయించే కణం

రోగక్రిములను చంపే కణాల గురించి మనం తరచూ వింటుంటాం. చంపే పనిని చాలావరకు ఇతర కణాల చేత చేయించే హెల్పర్ టీ కణం గురించి, మా గురువుగారి స్మృతిలో ఈ పూట మాట్లాడదలచాను.

టీబీ సోకిందేమోనన్న అనుమానంతో ముంజేతి చర్మంలోకి ట్యూబర్‌క్యులిన్ ఎక్కించి, రెండు మూడు రోజులాగి రమ్మంటారు. అదే మాంటూ పరీక్ష. చూసేవారు ఎర్రదనాన్ని లెక్కలోకి తీసుకోరు. వేలితో తడిమి, గట్టిపడ్డ మేరనే స్కేలుతో కొలుస్తారు. అన్ని రోజులు ఆగడం దేనికి? టీబీ క్రిమిని ఇదివరకే ఎరిగిన హెల్పర్ కణాలు అక్కడికి చేరుకోవాలి, గామా ఇంటర్‌ఫెరాన్ వంటి సైటోకైన్లను వదలాలి, ఆ పిలుపు విని మాక్రోఫేజ్‌లు గుమిగూడాలి. స్కేలు కొలిచేది ఆ గుంపునే.

ఊపిరితిత్తుల్లో జరిగేదీ ఇదే. మాక్రోఫేజ్ టీబీ క్రిమిని మింగుతుంది గానీ, ఒంటరిగా చంపలేక చాలాసార్లు ఓడిపోతుంది. క్రిమి దాని లోపలే కాపురం పెడుతుంది. మింగిన క్రిమి తాలూకు ముక్కను మాక్రోఫేజ్ తన పైపొర మీద చూపిస్తుంది. దాన్ని పోల్చుకున్న హెల్పర్ కణం గామా ఇంటర్‌ఫెరాన్ అందించాకే మాక్రోఫేజ్‌కు చంపే సత్తువ వస్తుంది.

బీ కణాలకూ ఈ ఊతం కావాలి. సీడీ40 లైగాండ్ అనే ఒక్క అణువు లోపించి పుట్టే మగపిల్లలుంటారు. వాళ్ల రక్తంలో బీ కణాలుంటాయి, ఐజీఎం ఉంటుంది, ఐజీజీ మాత్రం బాగా తక్కువ. హెల్పర్ కణం నుంచి అందాల్సిన సంకేతం అందక, ఆ పసివాళ్లు మాటిమాటికీ న్యుమోనియా పాలవుతారు.

ఈ అజమాయిషీ ఎముక మజ్జ దాకా సాగుతుంది. ఫైలేరియా ఉన్న ప్రాంతాల్లో కొందరికి రాత్రిళ్లు దగ్గు, పిల్లికూతలు వస్తాయి. రక్తపరీక్ష రిపోర్టులో ఈసినోఫిల్స్ అనే తెల్లకణాలు మైక్రోలీటరుకు 3,000 దాటి కనిపిస్తాయి. హెల్పర్ కణాల్లో ఒక రకం వదిలే ఇంటర్‌ల్యూకిన్-5 మజ్జను పురమాయించడమే దానికి ముఖ్య కారణం.

1981 జూన్‌లో లాస్ ఏంజెలెస్‌లో ఐదుగురు యువకులకు అరుదైన న్యుమోసిస్టిస్ న్యుమోనియా వచ్చిందన్న వార్త వెలువడింది. ఎయిడ్స్ గురించి అచ్చయిన తొలి నివేదిక అదే. హెచ్‌ఐవీ హెల్పర్ కణం పైనున్న సీడీ4ను పట్టుకుని లోపలికి దూరుతుంది. ఆ కణాలు తరిగిపోతే మాక్రోఫేజ్‌లూ, బీ కణాలూ ఉండి కూడా పని జరగదు. సీడీ4 సంఖ్య 200 లోపుకు పడిపోయిన మనిషికి టీబీ ఉన్నా మాంటూ పరీక్షలో చెయ్యి ఉబ్బకపోవచ్చు. చర్మం చదునుగా ఉందని టీబీ లేదనుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

ఒకప్పుడు సీడీ4 సంఖ్య పడిపోయేదాకా ఆగి హెచ్‌ఐవీ మందులు మొదలుపెట్టేవారు. 2017 నుంచి మన దేశంలో ఆ సంఖ్యతో పనిలేకుండా, హెచ్‌ఐవీ తేలిన ప్రతివారికీ ఆ మందుల చికిత్స, అంటే ఏఆర్‌టీ, ఇవ్వాలన్నది విధానం. ప్రభుత్వ కేంద్రాల్లో ఆ మందులు ఉచితం. ఈ సభలోని వైద్యులకు నా మనవి ఒక్కటే: టీబీ తేలిన ప్రతి ఒక్కరికీ హెచ్‌ఐవీ పరీక్ష చేయించండి, హెచ్‌ఐవీ ఉన్నవారు వచ్చిన ప్రతిసారీ దగ్గు, జ్వరం, బరువు తగ్గడం గురించి అడగండి.