చర్మం పలికే సాక్ష్యం

 



ప్రళయదినాన మనిషి చెవులు, కళ్లు, చర్మం అతనికి వ్యతిరేకంగా సాక్ష్యం పలుకుతాయని దివ్య ఖుర్ఆన్ 41వ సూరాలో అల్లాహ్ తెలియజేశాడు. కళ్లు మూసుకోగలం, చెవుల్లో వేళ్లు పెట్టుకోగలం. చర్మం నుంచి మాత్రం ఎక్కడికీ దాగలేం. ఆ సాక్షి ఎటువంటిదో ఈ రోజు కొంత తెలుసుకుందాం.

వయోజనుడి చర్మాన్ని నేలపై పరిస్తే 1.5 నుంచి 2 చదరపు మీటర్లు ఉంటుంది. అంటే ఇంచుమించు రెండు జానమాజులంత. దాని పైపొర బాహ్యచర్మం. కనురెప్ప మీద అది 0.05 మిల్లీమీటర్ల మందమే ఉంటుంది; అరచేతుల్లో, అరికాళ్లలో 1.5 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. ఈ పొరలో రక్తనాళాలు లేవు. దాని అడుగున పుట్టిన కణాలు సుమారు నాలుగు వారాలపాటు పైకి జరుగుతూ, గట్టిపడి, చనిపోయి, రాలిపోతాయి. మనం అద్దంలో చూసి మురిసిపోయే మేని పైభాగమంతా నిర్జీవ కణాలే! పండుగకు పెట్టిన గోరింట అరచేతిలో బాగా పండేది అక్కడ ఈ కణాలు దట్టంగా ఉండబట్టే. అవి రాలిపోతూండగా రంగూ వెలిసిపోతుంది. గోరింట రంగు మాత్రమే, పొర కాదు గనుక వుజూకు ఆటంకం కాదు. గోళ్ల రంగు నీటిని అడ్డగించే పొర గనుక దానిని తొలగించవలసిందే. స్త్రీలు తరచూ అడిగే ప్రశ్న ఇది, అందుకే చెబుతున్నాం.

రెండవది అంతశ్చర్మం. రక్తనాళాలు, స్వేదగ్రంథులు, రోమాల కుదుళ్లు, స్పర్శ తెలిపే నాడుల కొసలు అధికంగా ఇందులోనే ఉన్నాయి. రోహిణీ కార్తె ఎండలో మన ప్రాణం నిలిచేది ఈ గ్రంథులు స్రవించే చెమట ఆరుతూ ఒంటిని చల్లబరచడం వల్లనే. దీని కింద మెత్తలా కొవ్వు పొర ఉంది. కాలిన గాయం పైపైనే ఉంటే విపరీతంగా మండుతుంది. చర్మం పూర్తి లోతున కాలిపోతే నాడుల కొసలు నశించి అక్కడ నొప్పే తెలియదు. నరకవాసుల చర్మం కాలిపోయినప్పుడల్లా కొత్త చర్మం కల్పించబడుతుందన్న నిసా సూరా హెచ్చరికను ఈ సందర్భంలో కొందరు ప్రస్తావిస్తారు. అయితే ఖుర్ఆన్‌ను వైద్యగ్రంథంగా నిరూపించే ఉబలాటం మాకు లేదు. ఆ ఆయతు విని పూర్వీకులు ఏ వైద్యమూ తెలియకుండానే వణికారు.

ఇక రంగు విషయం. బాహ్యచర్మం అడుగున మెలనిన్ తయారుచేసే కణాలు ఉంటాయి. నల్లవారిలోనూ తెల్లవారిలోనూ వాటి సంఖ్య ఇంచుమించు సమానమే. తేడా అవి తయారుచేసే రంగులోనే. అంతిమ హజ్ ప్రసంగంలో దైవప్రవక్త (స) తెలుపు నలుపుల ఆధిక్యతను కొట్టివేశారు. మన పెళ్లిచూపుల్లో మాత్రం అది నేటికీ బ్రతికే ఉంది. తెల్లబడాలని ఆడపిల్లలు పూసుకునే కొన్ని క్రీముల్లో స్టెరాయిడ్లు ఉంటాయి, అవి చర్మాన్ని పలుచన చేస్తాయి. కొన్నింటిలో ఉండే పాదరసం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

ఇటీవల ఒక తండ్రి మా వద్దకు వచ్చి కంటతడి పెట్టారు. కుమార్తె మోచేతిపై చిన్న తెల్లమచ్చ. మాట ఇచ్చుకున్న తరువాత వరుని తరఫువారు వెనుదిరిగారు. అది తమ ఇంటికి అంటుకుంటుందట! సోదరులారా, బొల్లి అంటువ్యాధి కాదు. రంగునిచ్చే కణాలు నశించిన చోటు అది, అంతే. తెలుగులో దానికి ‘శ్వేతకుష్టు’ అన్న పేరు పెట్టి మనమే కుష్టుతో కలిపేశాం. భార్యకు బొల్లి ఉందన్న కారణంతో నికాహ్‌ను రద్దు చేయించుకునే హక్కు భర్తకు లేదని ఇమామ్ అబూ హనీఫా అభిప్రాయం. అటువంటప్పుడు మోచేతి మీది మచ్చకు ఇచ్చిన మాట తప్పడం ఏ ధర్మం?

కుష్టు వేరు. అది నాడులను దెబ్బతీసే సూక్ష్మజీవి వల్ల వస్తుంది. బొల్లి మచ్చపై స్పర్శ ఉంటుంది. కుష్టు మచ్చపై స్పర్శ తగ్గుతుంది లేదా పోతుంది. వుజూ చేసేటప్పుడు చేతిమీద గానీ కాలిమీద గానీ ఏదైనా మచ్చ దగ్గర నీటి చల్లదనం తెలియకపోతే, సిగ్గుపడి దాచకండి, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. 6 నుంచి 12 నెలల మందులతో అది నయమవుతుంది. మందులు ఉచితంగానే ఇస్తారు. వెంట రావడానికి ఎవరూ లేకపోతే మాకు చెప్పండి, మేము వస్తాం.