జంట డిస్కులా, వేరే ఇంట్లో ప్రతియా?
(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం పాత కంప్యూటరు గౌలిపురాలో మా ఇంటి ముందు గదిలో ఉన్నదని మీలో చాలామందికి తెలుసు. 2018 నుంచి సభ్యుల పి.పి.ఓ.లు, సర్వీసు రిజిస్టరులోని ముఖ్యమైన పేజీలు, దంపతుల జాయింటు ఫోటోలు, నామినేషన్లు స్కాను చేసి అందులో భద్రపరుస్తున్నాము. ఎవరు ఫోను చేసినా పది నిమిషాలలో కాపీ తీసి ఇస్తున్నాము.

దాని విలువ 2020లో తెలిసింది. ఆ ఏడు అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకు పాతబస్తీలో ఎన్ని ఇళ్ళు మునిగినవో చూశారు. చాంద్రాయణగుట్ట వైపు ఉండే మన సభ్యుడొకరు కాలం చేసి అప్పటికి రెండు నెలలు. ఆయన భార్య ఇంకా కుటుంబ పెన్షనుకు దరఖాస్తు పెట్టుకోలేదు. ఇంట్లోకి నడుము లోతు నీరు వచ్చి బీరువా కింది అరలోని కాగితాలన్నీ ముద్ద అయిపోయినవి. మరణ ధ్రువపత్రం మళ్ళీ తెచ్చుకోవచ్చు. పి.పి.ఓ. నెంబరు మాత్రం ఆమెకు తెలియదు, పిల్లలకూ తెలియదు. మన కంప్యూటరులోని కాపీ చూసి నెంబరు ఇచ్చాము. దానితో ఫైలు కదిలింది.

ఆ కంప్యూటరులోని డిస్కు ఇప్పుడు ముసలిదైంది. కొన్ని చోట్ల చదవలేకపోతున్నానని తన నివేదికలో అదే చెబుతున్నది. కార్యవర్గం దయతో రెండు కొత్త డిస్కులకు డబ్బు మంజూరు చేసింది. వాటిని ఎలా వాడాలన్నదే ఇప్పటి ప్రశ్న.

మా మనవడు ఇంజనీరింగు చదువుతున్నాడు. "రెయిడ్ పెడదాం తాతా, ఒకటి పోయినా ఇంకోటి ఉంటది గద" అన్నాడు. ఈ రెయిడ్‌కూ ఆదాయపు పన్ను వారి రెయిడ్‌కూ సంబంధం లేదు, భయపడనక్కరలేదు. 1988లో అమెరికాలో బర్కిలీ విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు ఒక పరిశోధనా వ్యాసంలో ఈ పద్ధతిని వివరించి ఆ పేరు పెట్టారు. అప్పట్లో పెద్ద కంప్యూటర్ల డిస్కులు విపరీతమైన ఖరీదు. వాటి బదులు చవక డిస్కులు కొన్నింటిని జట్టుగా కట్టి, ఒకటి చెడినా పని ఆగకుండా చూడవచ్చునని వారి ఆలోచన. చవక అనే మాట తరువాత అమ్మేవారికి నచ్చలేదు కాబోలు, దానిని స్వతంత్ర అని మార్చుకున్నారు!

ఇందులో రకాలున్నవి. ఒకటో రకం అద్దం వంటిది. రెండు డిస్కుల మీద ఒకే సమయంలో ఒకే సమాచారం పడుతుంది. ఐదో రకానికి కనీసం మూడు డిస్కులు కావాలి. అది మన లెడ్జరు లెక్క వంటిది. రెండు పద్దులు, వాటి మొత్తం ఉంటే, ఒక పద్దు చెరిగినా మొత్తంలోంచి రెండోది తీసివేసి రాబట్టవచ్చు. సున్నా రకమని ఇంకొకటి ఉన్నది. అందులో సమాచారాన్ని ముక్కలు చేసి రెండింటికీ పంచుతారు. వేగం వస్తుంది గాని ఒకటి చెడితే మొత్తం పోతుంది. దాని జోలికి మనం పోనక్కరలేదు. మనకున్నవి రెండే డిస్కులు గనుక చర్చ అద్దం గురించే.

మనలో టైపు మిషను ముందు ముప్పై ఏళ్ళు కూర్చున్నవారు ఉన్నారు. వారికి ఈ అద్దం సంగతి తేలికగా బోధపడుతుంది. కార్బన్ పేపరు పెట్టి కొడితే రెండు ప్రతులు వస్తాయి. పై కాగితం చిరిగితే కింది కాగితం ఉన్నది. కాని పైన పేరు తప్పు పడితే కిందా అదే తప్పు. రెండూ ఒకే మిషనులో ఉన్నవి గనుక దాని మీద చాయ్ ఒలికితే రెండూ తడుస్తాయి. అద్దం డిస్కులూ అంతే. ఎవరైనా పొరపాటున ఒక ఫోల్డరు తుడిచివేస్తే రెండింటిలోనూ అదే క్షణం పోతుంది. 2017 మే నెలలో వానాక్రై అనే వైరసు నూట యాభైకి పైగా దేశాలలో కంప్యూటర్ల ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని వాత పడ్డవి. అటువంటిది వస్తే అద్దంలోని రెండో డిస్కుకు కూడా తాళం పడుతుంది. పిడుగు పడి కరెంటు ఎగదన్నినా, దొంగ డబ్బా ఎత్తుకుపోయినా, నీరు వచ్చినా రెండింటిదీ ఒకటే గతి.

పెద్ద దేశాలకూ ఇది తప్పలేదు. దక్షిణ కొరియాలో దేజాన్ నగరంలోని ప్రభుత్వ సమాచార కేంద్రంలో 2025 సెప్టెంబరు 26న బ్యాటరీలు అంటుకొని అగ్నిప్రమాదం జరిగింది. ప్రభుత్వోద్యోగులు తమ ఫైళ్ళు దాచుకొనే జి-డ్రైవ్ అనే నిల్వ, 858 టెరాబైట్లు, కాలిపోయింది. అంత పెద్దదానికి బయట ప్రతి ఉంచలేదట. ఇక మన మూసీ సంగతి వేరే చెప్పాలా? 1908 సెప్టెంబరు 28న వచ్చిన వరదలో అఫ్జల్‌గంజ్ చింతచెట్టు ఎక్కినవారు బతికారు. సందూకులు చెట్టెక్కలేదు.

అయితే రెయిడ్ పనికిరానిదా అంటే అలా అనను. బ్యాంకులో, ఆసుపత్రిలో, రైల్వే రిజర్వేషనులో డిస్కు చెడిందని గంటసేపు పని ఆపితే జనం అల్లాడిపోతారు. అటువంటి చోట ఆ పద్ధతి ఉండి తీరాలి. మన కంప్యూటరు రెండు రోజులు ఆగితే ఎవరికీ పెన్షను ఆగదు. దానిలోని కాగితాలు పోతే మాత్రం ఆగవచ్చు. కాబట్టి మన భయం ఆగిపోవడం గురించి కాదు, పోవడం గురించి.

ఇంకొక లెక్క కూడా వేశాను. మన సభ్యులు సుమారు 640 మంది. ఒక్కొక్కరివి పన్నెండు పేజీలు, పేజీకి అర మెగాబైటు అనుకుంటే అంతా కలిసి నాలుగు గిగాబైట్లు దాటదు. సంఘం ఫోటోలు, విహారయాత్రల వీడియోలు కలిపినా నూరు లోపే. దీనికి జట్టు కట్టే అవసరమే కనబడదు. పైగా ఆ పాత మదర్‌బోర్డులోనే రెయిడ్ సదుపాయం ఉన్నదని దుకాణం అతను అన్నాడు. ఆ బోర్డు కాలిపోతే, దాని పద్ధతి తెలిసిన మరో బోర్డు కోసం అబిడ్స్‌లో వెతుక్కుంటూ తిరగాలి. లినక్స్‌లో చేసే రెయిడ్ నయం, డిస్కులు తీసి మరో లినక్స్ కంప్యూటరుకు తగిలిస్తే చదువుతుంది.

మనవడు మాత్రం ఊరుకోలేదు. "బుధవారం డిస్కు పోతే ఆదివారం నుంచి ఎక్కించినయి పోతయి గద" అన్నాడు. న్యాయమైన మాటే. మామూలు వారాలలో వచ్చేవి నాలుగైదు కాగితాలు, అసలు ప్రతులు సభ్యుల దగ్గరే ఉంటాయి, మళ్ళీ స్కాను చేయవచ్చు. నవంబరు సంగతి వేరు. లైఫ్ సర్టిఫికెట్ల నెల గనుక అందరూ ఒకేసారి వస్తారు. ఆ నెల రోజూ సాయంత్రం ప్రతి తీస్తాము.

మన పి.పి.ఓ. రెండు భాగాలుగా ఎందుకు ఇచ్చారో ఒకసారి తలచుకోండి. ఒక భాగం మన చేతిలో, ఇంకొకటి పెన్షను చెల్లించే వారి దగ్గర. రెండూ ఒకే బీరువాలో పెట్టమని ఎవరూ చెప్పలేదు. ఆ ఏర్పాటునే నేను అనుసరించదలచాను. కొత్త డిస్కు ఒకటి కంప్యూటరులో ఉంటుంది. రెండోది విడి పెట్టెలో పెట్టి, ప్రతి ఆదివారం ప్రతి తీసి, వెంటనే తీగ ఊడదీస్తాము. తగిలించి ఉంచితే వైరసుకు అదీ దొరుకుతుంది. మూడోది ఒకటి కొని వేరే పేటలో ఒక సభ్యుని ఇంట్లో ఉంచి, నెలవారీ సమావేశంలో రెండోదానితో మార్చుకుంటాము. బ్యాంకు నెంబర్లు, ఆధార్లు ఉన్నవి గనుక బయటకు వెళ్ళే డిస్కులకు రహస్యపదం ఉంటుంది. అది సీలు వేసిన కవరులో కార్యదర్శిగారి వద్ద ఉంటుంది. మూడు నెలలకొకసారి ముగ్గురు సభ్యుల పేర్లు చీటీ తీసి, వారి కాగితాలు బయటి డిస్కులోంచి తెరిచి చూస్తాము. తెరిచి చూడని ప్రతి ఉన్నట్టో లేనట్టో ఎవరు చెప్పగలరు?

మూడో డిస్కు ఖర్చును కార్యవర్గం ఆమోదించవలసిందిగా కోరుతున్నాను. దానిని ఇంట్లో ఉంచుకోవడానికి ఒకరు కావాలి. మూసీకి, చెరువులకు దూరంగా ఉండాలి, మొదటి అంతస్తయితే మరీ మంచిది, తాళం పడే బీరువా ఉండాలి. ఇష్టమున్నవారు భోజన విరామానికి ముందే కార్యదర్శిగారికి పేరు ఇవ్వండి. ఇంతవరకు కాగితాలు ఇవ్వనివారు నలభై మందికి పైగా ఉన్నారు, వారు వచ్చే రెండో ఆదివారం ఉదయం పి.పి.ఓ. తీసుకొని మా ఇంటికి రాగలరు.