పచ్చిపూతకు పట్టు

(సంఘ వార్షిక మహాసభయందు మేము చేసిన ఉపన్యాసము)



మేము జీవితమంతయు బడిలో సంస్కృతము చెప్పినవారము. మా తాతగారి సారె తిరుగుట కన్నులార చూచితిమేగాని, దానిని త్రిప్పి జీవించినవారము కాము. అట్టి మమ్ము పనివాండ్ర యెదుట పనిని గూర్చి మాటాడుడని కార్యదర్శిగారు కోరుట వారి ప్రేమకు నిదర్శనము. అయినను తర్కశాస్త్రమున అడుగడుగునను కనబడునది ఘటమే. ఘటమును చేయువాడు కులాలుడే. ఆ చనువుతోనే ఈ విషయమును మీ ముందుంచుచున్నాము.

గత వేసవియందు మా గ్రామపు యువకులు కొందఱు, నీరు ఊరని నున్నని గిన్నెలు చేయదలచి గాజుపూతకు, అనగా గ్లేజుపనికి, పూనుకొనిరి. మనకు తరతరములుగా అలవాటైనది ఎఱ్ఱని జాజుపూత, ఇది క్రొత్తది. వారు 40 గిన్నెలను ఒకసారి కాల్చి, పూతలో ముంచి, ఆరబెట్టి, చేతులతో బట్టీలోనికి చేర్చిరి. కాలిన పిమ్మట చూడగా వ్రేళ్లు తగిలిన చోటులెల్ల పూత లేక బోడిగా నుండెను. సగమునకు పైగా గిన్నెలు చెడెను. అప్పు చేసి తెచ్చిన సామగ్రి వ్యర్థమయ్యెనని వారు పొడిని నిందించి, పని మానుకొనుటకు సిద్ధపడిరి. మేమును వారితో గూర్చుండి విచారింపగా పొడియందు దోషము లేదని తేలినది. పట్టు చాలలేదు.

కారణము సులభముగనే తెలియును. పలుగురాయి, ఫెల్డ్‌స్పార్ అను రాయి, సున్నపురాయి, చీనామట్టి అనువానిని మెత్తగా నూఱి నీటితో కలిపిన పూత యగును. ఒకసారి కాలిన పాత్ర నీటిని త్రాగివేయును. పొడి పైన నిలుచును. ఆరిన ఆ పొర గోడమీది సున్నమువలె చేతికంటును. అగ్నిలో కరగిన పిమ్మట అది గాజై పాత్రను వదలదు. ఆరుటకును కరగుటకును నడుమనే దానికి ఆధారము లేదు. ఆ నడిమి కాలమునకే పట్టు కావలయును.

పట్టు నిచ్చునవి రెండు విధములు. మొదటిది మట్టియే. పూతలో చీనామట్టి నూటికి 10 మొదలు 20 పాళ్లున్నచో కొంత గట్టిదనము తనంతట వచ్చును. చాలనిచో బెంటొనైటు అను మిక్కిలి సన్నని బంకమట్టిని నూటికి 2 పాళ్లు చేర్పవచ్చును. నేరుగా నీటిలో వేసిన అది ఉండలు కట్టును గనుక, ముందు తక్కిన పొడులతో కలిపి, తరువాత నీరు పోయవలెను. రెండవది జిగురు. తుమ్మజిగురు, గంజి పూర్వమునుండి యున్నవి. నేడు ప్రత్తినుండియు కఱ్ఱనుండియు తీసిన పదార్థముతో చేయు సి.ఎం.సి. అను తెల్లని పొడియు దొరకుచున్నది. కిలో పూతపొడికి ఇది 5 గ్రాములు చాలును. వేడినీటిలో చల్లి, రాత్రి నాననిచ్చి, ఉదయమున కలుపవలెను.

ఇది పరదేశపు విద్య యని యెవరును శంకింప నక్కఱలేదు. జయపురపు నీలిపాత్రలను చూడుడు. వానిలో పలుగురాతిపొడి, గాజుపొడి, ముల్తానీమట్టి, కతీరా జిగురు కలసి పాత్ర యగుచున్నవి. రంగులను జిగురుతో కలిపి చిత్రింతురు. పైపూతలో పిండిజిగురు చేర్తురు. క్షీణదశలోనున్న ఆ కళకు ఇఱువదవ శతాబ్దమున ప్రాణము పోసిన కృపాలసింగ్ షెఖావత్ గారికి 1974లో పద్మశ్రీ బిరుదము లభించెను.

అయితే మితము తప్పరాదు. మా యువకులు రెండవసారి గంజిని చేతికి వచ్చినంత పోసిరి. మూడవనాటికి పూత కుళ్లి దుర్గంధము కొట్టెను, పట్టును పోయెను. కావున జిగురుపూతను కావలసినంతయే కలుపుకొనవలెను. జిగురెక్కువైన పూత త్వరగా ఆరదు, బొట్లుగా కారును. మట్టి యెక్కువైనచో ఆరునపుడు పగిలి, అగ్నిలో తామరాకుమీది నీటివలె ముద్దలు కట్టును. మూడవసారి త్రాసుతో తూచి కలిపిరి. 40 గిన్నెలలో 3 మాత్రమే చెడెను.

ఇంతకంటె ముఖ్యమైన మాట యొకటి కలదు. రాలిన పూత గాలిలో లేచి ఊపిరితిత్తులలో చేరును. పలుగురాతి ధూళివలన సిలికోసిస్ అను వ్యాధి కలుగును. చెడిన ఊపిరితిత్తులను మరల బాగుచేయు మందు లేదు. గిన్నెలను బట్టీకి మోయువారు తఱచుగా మన యింటి స్త్రీలే. పూత గట్టిపడిన ధూళి తగ్గును. ఐనను పూర్తిగా పోదు. పనిచోటును పొడిగా ఊడ్వక తడిగుడ్డతో తుడువవలెను. ధూళి నాపు మాస్కును ధరింపవలెను. అన్నము తిను పాత్రలకు సీసము చేరిన పూతను వాడనే రాదు.

ఘటమునకు మన్ను సమవాయికారణమనియు, దండచక్రాదులు నిమిత్తకారణములనియు తార్కికులందురు. మన్ను మోసిన గాడిదను, కుమ్మరి తండ్రిని మాత్రము అన్యథాసిద్ధములని, అనగా కారణములలో చేరనివని, త్రోసివేయుదురు! మఱి ఈ జిగురు మాటయేమి? పూత గాజగుటకు చాల ముందే, సుమారు 500 డిగ్రీల లోపలనే, అది కాలిపోవును. సిద్ధమైన గిన్నెలో దాని జాడ యుండదు. దానిని గాడిదతో జేర్పవచ్చునా? చేర్పరాదని మా పక్షము. అది లేనిదే గిన్నె అగ్నిని చేరునప్పటికే చెడును. బాలురను లోకమునకప్పగించి తాను మఱుగుపడు బడిపంతులును ఇట్టివాడే గనుక, మాకు జిగురుపై కొంత పక్షపాతమున్నదని మీరు నవ్విన నవ్వవచ్చును.

పోషకులకు మా విన్నపము స్వల్పము. గ్రాముల లెక్క తెలుపు త్రాసు, సన్నని జల్లెడ, కొన్ని మాస్కులు సంఘమునకు ఇప్పింపుడు. యువకులు ప్రతి ప్రయోగమును, చెడినదానినిసైతము, పుస్తకమున వ్రాసి యుంచుదురుగాక. ఒకరి నష్టము మఱియొకరికి పాఠమైనపుడే సంఘమను మాట సార్థకమగును.

స్వస్తి.