పసివాని “నేను”



సికిందరాబాదులో మాయింట రెండేండ్ల మనుమడు కలడు. వాని కాఁకలియైనచో “తాతా, నీకు ఆకలి” యనును, ఎత్తుకొనుమనుటకు “నిన్నెత్తుకోనా?” యనును. చిన్నయసూరి 1858లో ప్రకటించిన బాలవ్యాకరణమును చిరకాలము బోధించినవాఁడను గదా! ఉత్తమ మధ్యమ పురుషల భేద మెఱుఁగఁడని గద్దించితిని. వాఁడు రెండునాళ్లు నాతో మాటాడఁడయ్యెను.

అప్పుడు తెలిసినది: వానిని మేమందఱము “నీకు ఆకలా?”, “నిన్నెత్తుకోనా?” యనియే యడుగుచుంటిమి. విన్నమాటను వాఁడు పొల్లుపోక యప్పగించెను.

పేరు ఎవరు పలికినను ఒక్కనిదే. “నేను” మాత్రము పలికినవానిదగును. పెద్దలు తమలోఁ దాము మాటాడుకొనుట వినివిని పసివాఁ డీమర్మమును గ్రహింపవలెను. గద్దించిన రాదు.

మొన్న నాచేతికఱ్ఱ లాగికొని “నాది” యనెను. కఱ్ఱ నాదే, ఆమాట మాత్రము వానిదైనది.

పిల్లలను దిద్దుటకు ముందు మనమాటలను మనము వినవలెను.