గట్టు దాటి ఆలోచించుదాం



మన మగ్గాల పేటలకు సుమారు 20 కిలోమీటర్ల దూరంలో నాన్నజ్ గ్రామమున్నది. ఒక పర్యాయం విద్యార్థులను అక్కడి గడ్డిభూములకు తీసుకొనివెళ్ళాము. మరాఠీలో మాళఢోక్ అనీ, తెలుగులో బట్టమేక పిట్ట అనీ పిలిచే పెద్ద పక్షిని చూపవలెనని మా కోరిక. సాయంకాలం వరకు వేచియున్నా కృష్ణజింకలే కనిపించినవి. "టీచర్, అభయారణ్యమని బోర్డు ఉన్నది గదా, మరి పక్షి ఏది?" అని ఒక బాలిక అడిగింది. ఆనాడు నేను సరియైన సమాధానం చెప్పలేకపోయాను. నేడు ప్రయత్నిస్తాను.

1979లో ఆ పక్షి కొరకు సోలాపూర్, అహ్మద్‌నగర్ జిల్లాలలో సుమారు 8,496 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. అందులో అధికభాగం రైతు కుటుంబాల సొంత పొలాలే. రక్షిత గడ్డిభూములు వాటి నడుమ చిన్న చిన్న ముక్కలు. భూముల క్రయవిక్రయాలకు చిక్కులేర్పడగా, పక్షి పేరు వింటేనే కొందరికి కినుక కలిగింది. 2010 తరువాతి కాలంలో ఆ విస్తీర్ణాన్ని సుమారు 1,222 చదరపు కిలోమీటర్లకు కుదించారు.

మరొక ప్రక్క, ఎవరి పొలం వారిదే అయింది. నీరందిన చోట చెరకు వచ్చింది. బీళ్ళు తగ్గినవి. కొన్ని గడ్డిభూములలో గ్లిరిసిడియా చెట్లు నాటారు. సాధారణంగా నేలమీద ఒకే గుడ్డు పెట్టే ఈ పక్షికి కావలసినది విశాలమైన బయలు. చెట్టు మంచిదే, కాని ప్రతి నేలకూ చెట్టే మేలు కాదు.

అమ్మా, నీ ప్రశ్నకు సమాధానమిది: యజమానులను కలుపుకొనని పటమూ, ఇరుగుపొరుగును తలచని పొలమూ, రెండూ పక్షిని కాపాడలేవు. ఒక్క పోగు గట్టిగా ఉన్నంతమాత్రాన చద్దరు కాదని మన ఇళ్ళలో పసివారికి సైతం తెలుసును.

మీలో కొందరికి తెలంగాణలోని పూర్వీకుల గ్రామాలలో నేటికీ కొద్దిపాటి భూమి ఉన్నది. ఈసారి వెళ్ళినప్పుడు ఒకే వాగుకు ఇరువైపులా ఉన్న కుటుంబాలతో కలిసి కూర్చొనండి. ఏ బీడును గడ్డికి వదలవలెను, పశువులను ఏ వంతున మేపవలెను, ఏ గట్టున చెట్లు నాటవలెను అన్నది అందరూ కలిసి నిర్ణయించుకొనండి. ఆ మాటను కాగితం మీద వ్రాసి పెట్టుకొనండి.

ఈ ప్లాటినం జూబిలీనాడు మన పిల్లలకు మనమీయదగిన కానుక అదియే. సెలవు.